జలాంతర్గామి నమూనాకు సర్వో మోటారు ఎంపిక: చెరువులో దింపే ముందు వేసుకోవాల్సిన లెక్కలు

రాయ్‌పూర్‌లో చెరువులకు కొదవ లేదు. ఊరి నడిబొడ్డున బూఢా తాలాబ్ ఉంది, తూర్పు వైపు తెలీబాంధా ఉంది. రేడియోతో నడిచే పడవ నమూనా తయారుచేసే విద్యార్థికి ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. పడవైతే నిజమే. జలాంతర్గామి సంగతి వేరు. మన చెరువుల నీళ్లు పచ్చగా ఉంటాయి, మూర లోతు దాటిన వస్తువు కనబడదు, అడుగున బురద. విమానం నమూనా కూలితే పొలంలోకి నడిచి వెళ్లి ముక్కలు ఏరుకోవచ్చు. బురదలో ముక్కు గుచ్చుకున్న జలాంతర్గామి కోసం చెరువులోకి దిగడం మాత్రం ఎవరూ చేయకూడని పని. కాబట్టి మునిగినది తిరిగి పైకి తేలాలి. అది చాలావరకు అగ్గిపెట్టె అంత ఉండే ఒక చిన్న మోటారు మీద, అంటే సర్వో మీద ఆధారపడుతుంది.

ఉదాహరణకు మనకు తెలిసిన జలాంతర్గామినే తీసుకుందాం. రాయ్‌పూర్‌లో రాత్రి రైలు ఎక్కితే మర్నాడు ఉదయానికి విశాఖ చేరవచ్చు. అక్కడ రామకృష్ణా బీచ్‌లో ఇసుక మీద నిలబెట్టిన ఐఎన్ఎస్ కుర్సురాను చాలామంది చూసే ఉంటారు. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరు 18న మన నౌకాదళంలో చేరింది. 2001 ఫిబ్రవరిలో సేవ నుంచి వైదొలగింది, 2002 ఆగస్టులో ప్రదర్శనశాల అయింది. పొడవు 91 మీటర్లకు కొంచెం పైన, వెడల్పు ఏడున్నర మీటర్లు. నీటి పైన తేలేటప్పుడు దాదాపు 1,950 టన్నుల నీటిని, పూర్తిగా మునిగినప్పుడు దాదాపు 2,475 టన్నుల నీటిని పక్కకు నెడుతుంది.

దీన్ని 96వ వంతుకు కుదిద్దాం. నమూనాల తయారీలో ఈ కొలత బాగా వాడుకలో ఉంది. పొడవు 95 సెంటీమీటర్లు, వెడల్పు 7.8 సెంటీమీటర్లు వస్తుంది. బరువు మాత్రం 96వ వంతు కాదు. ఘనపరిమాణం మూడు దిశల్లోనూ తగ్గుతుంది కాబట్టి 96ను మూడుసార్లు గుణించి, వచ్చిన 8,84,736తో భాగించాలి. 2,475 టన్నులు 2.8 కిలోలవుతుంది. పైన తేలేటప్పటి బరువు 2.2 కిలోలు. తేడా దాదాపు 600 గ్రాములు. నమూనా పూర్తిగా మునగాలంటే బ్యాలస్ట్ ట్యాంకులోకి ఆరు వందల మిల్లీలీటర్ల నీళ్లు రావాలన్నమాట. ఇక్కడే మొదటి విషయం బయటపడుతుంది.

బరువు కాదు, చోటు ముఖ్యం

విమానాల నమూనాలు చేసినవారు సర్వో కొనేటప్పుడు ముందు బరువు చూస్తారు. తొమ్మిది గ్రాములదా, పదమూడు గ్రాములదా అని. జలాంతర్గామికి ఆ అలవాటు పనికిరాదు. నమూనా మునగాలంటే 2.8 కిలోలు ఉండి తీరాలి. సర్వోలో 30 గ్రాములు మిగిల్చితే అడుగున సీసం ముక్క 30 గ్రాములు ఎక్కువ పెట్టుకోవాల్సి వస్తుంది. అంతే. బరువు కింది వైపు ఉంటే నమూనా పక్కకు దొర్లకుండా నిలబడుతుంది కాబట్టి బరువైన సర్వోను అడుగున అమర్చుకుంటే లాభమే.

కరువు చోటుకే. సర్వోలు, బ్యాటరీ, రిసీవరు అన్నీ నీరు చొరని గొట్టంలో కూర్చోవాలి. మన కుర్సురా వెడల్పు 7.8 సెంటీమీటర్లు, పై తొడుగు మందం పోగా 75 మిల్లీమీటర్ల పీవీసీ పైపు అందులో పట్టదు. దాని కింది సైజు 63 మిల్లీమీటర్లది. లోపలి వ్యాసం పైపు మందాన్ని బట్టి 58 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. మామూలు పెద్ద సర్వో 40 మి.మీ. పొడవు, 20 మి.మీ. వెడల్పు, చేయితో కలిపి సుమారు 46 మి.మీ. ఎత్తు. రెండింటిని పక్కపక్కన పెడితే 40 వెడల్పు, 46 ఎత్తు ఉన్న దీర్ఘచతురస్రం అవుతుంది. దాని కర్ణం 61 మిల్లీమీటర్లు. 58లో 61 పట్టదు. ఒకదాని వెనక ఒకటి పెట్టాలి, లేదా దాదాపు 17 మి.మీ. వెడల్పు, 31 మి.మీ. ఎత్తు ఉండే మినీ రకానికి దిగాలి. ఆ రకం రెండు పక్కపక్కన పెట్టినా కర్ణం 52 దాటదు. అట్టముక్కను ఈ కొలతలకు కత్తిరించి పైపులోకి తోసి చూస్తే దుకాణానికి వెళ్లకముందే సగం ఎంపిక అయిపోతుంది.

ఎంత బలం కావాలి?

సర్వో బలాన్ని కిలోగ్రామ్-సెంటీమీటర్లలో చెబుతారు. ఇరుసు నుంచి ఒక సెంటీమీటరు దూరంలో ఎన్ని కిలోల బరువు ఆపగలదు అన్నది లెక్క. మూడు కిలోగ్రామ్-సెంటీమీటర్ల సర్వో ఒక సెంటీమీటరు చేయితో మూడు కిలోలు, రెండు సెంటీమీటర్ల చేయితో కిలోన్నర ఆపుతుంది.

జలాంతర్గామి వెనక భాగంలో అడ్డంగా ఉండే రెక్కలు ముక్కును పైకి, కిందికి తిప్పుతాయి. చుక్కాని కుడి ఎడమలకు తిప్పుతుంది. ఎక్కువ పని వెనక రెక్కలదే కాబట్టి లెక్క వాటికే వేద్దాం. ఒక్కో రెక్క 6 సెం.మీ. పొడవు, 4 సెం.మీ. వెడల్పు అనుకుంటే రెండూ కలిసి 48 చదరపు సెంటీమీటర్లు.

నమూనా ఎంత వేగంతో పోవాలి? నీటిలో కుర్సురా తరగతి గరిష్ఠ వేగం గంటకు 15 నాటికల్ మైళ్లు, అంటే సెకనుకు 7.7 మీటర్లు. ఓడల నమూనాల వేగాన్ని పొడవుల నిష్పత్తి వర్గమూలంతో భాగించాలని 19వ శతాబ్దంలో విలియం ఫ్రౌడ్ చూపించాడు. విశాఖలోని నావికా విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాలలో పొడవాటి నీటి తొట్టిలో నమూనాలను లాగి పరీక్షించేటప్పుడు మొదలయ్యేది ఆ సూత్రంతోనే. 96 వర్గమూలం 9.8. మన నమూనాకు సెకనుకు 0.8 మీటరు వస్తుంది. కాస్త ఎక్కువే పట్టి సెకనుకు ఒక మీటరు అనుకుందాం.

నీరు రెక్క మీద చూపే బలం కట్టడం కష్టం కాదు. నీటి సాంద్రతలో సగాన్ని వేగం వర్గంతో, రెక్క వైశాల్యంతో, రెక్క ఆకారానికి చెందిన ఒక గుణకంతో గుణించాలి. గుణకాన్ని గరిష్ఠంగా ఒకటి అనుకుంటే 500 × 1 × 0.0048, అంటే 2.4 న్యూటన్లు. మన భాషలో పావు కిలోకు కాస్త తక్కువ, దాదాపు 245 గ్రాములు. ఈ బలం రెక్క కీలు నుంచి ఒకటిన్నర సెంటీమీటరు వెనక పడుతుందనుకుంటే మెలితిప్పే బలం 0.37 కిలోగ్రామ్-సెంటీమీటర్లు.

ఇంతేనా అనిపిస్తుంది. నీటి వరకు ఇంతే. అయితే వేగం వర్గంతో పెరుగుతుందని మరవద్దు. అదే నమూనాకు పెద్ద మోటారు బిగించి సెకనుకు రెండు మీటర్లకు పెంచితే 0.37 కాస్తా 1.5 అవుతుంది. చిన్న సర్వోతో బాగానే నడిచిన పడవ, మోటారు మార్చగానే మాట వినకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

చాలామంది లెక్కలోకి తీసుకోనిది గొట్టంలోంచి కడ్డీ బయటికి వచ్చే చోటు. సర్వో లోపల, రెక్క బయట. రెండింటినీ కలిపే కడ్డీ చుట్టూ నీరు చొరకూడదు. అందుకు రెండు పద్ధతులున్నాయి. ఒకటి, గ్రీజు పూసిన బిగుతైన రబ్బరు రింగు గుండా కడ్డీని జరపడం. రెండోది, హార్మోనియం తిత్తిలా మడతలున్న రబ్బరు తొడుగును కడ్డీకీ గొట్టానికీ కట్టేయడం. తొడుగులో రాపిడి దాదాపు ఉండదు, నీరు కారే చోటూ ఉండదు. కానీ పీడనం ఉంది. రెండు మీటర్ల లోతులో నీటి పీడనం ప్రతి చదరపు సెంటీమీటరు మీద 200 గ్రాములు. కడ్డీ మందం 2 మి.మీ. అయితే దాని మీద పడే బలం ఆరు గ్రాములు, లెక్కలోకి రాదు. అదే 12 మి.మీ. వ్యాసం ఉన్న తొడుగు మీద 226 గ్రాములు పడుతుంది. చెరువు తన చేత్తో కడ్డీని లోపలికి నొక్కినట్టు ఉంటుంది, అది కూడా ఎడతెగకుండా. సర్వో చేయి పొడవు 1.2 సెం.మీ. అయితే ఇది 0.27 కిలోగ్రామ్-సెంటీమీటర్లు. రెక్క మీద నీరు చూపే బలానికి ఇది మూడొంతులు!

ఒక తమాషా ఏమిటంటే ఈ నొక్కుడు వల్ల చిన్న మేలు కూడా ఉంది. గేర్ల పళ్ల మధ్య ఉండే వదులు ఎప్పుడూ ఒకే పక్కకు నొక్కుకుని ఉంటుంది కాబట్టి లోతుకు పోయేకొద్దీ రెక్క కదలకుండా నిలుస్తుంది. కానీ సర్వో ఆ బలాన్ని ఆపడానికి కరెంటు తింటూనే ఉంటుంది. రబ్బరు రింగు పద్ధతిలో పీడనం బాధ లేదు, రాపిడి బాధ ఉంది. అది ఎంతో లెక్కతో తేలదు. సామాను తూచే స్ప్రింగు తక్కెడతో కడ్డీని లాగి, కదలడం మొదలైన చోట ఎన్ని గ్రాములు చూపిందో రాసుకోవాలి.

ఇప్పుడు కూడదాం. 0.37కు 0.27 కలిపితే 0.64. దీన్ని మూడింతలు చేయాలి. సర్వో అట్టపెట్టె మీద రాసే అంకె అది ఆగిపోయే చోటు బలం. దాంతో రోజూ పని చేయించకూడదు, మూడోవంతుతో చేయించాలి. అప్పుడు మనకు కావాల్సింది రెండు కిలోగ్రామ్-సెంటీమీటర్లకు కాస్త తక్కువ. బజారులో అన్నిటికన్నా చవకగా దొరికే నీలిరంగు ఎస్‌జీ 90 రకానికి చెప్పే అంకె 1.8. అంచు మీద ఉంది. ఫుటాబా ఎస్3003 లాంటి మామూలు సర్వో 4.8 వోల్టుల దగ్గర 3.2 ఇస్తుంది, హాయిగా సరిపోతుంది. మంచి మినీ రకాలూ ఇంచుమించు అంతే ఇస్తాయి.

మరి ‘ఎందుకైనా మంచిది’ అని తొమ్మిది, పదకొండు కిలోల ఎంజీ 996ఆర్ పెడితే? రోబోలు చేసే విద్యార్థుల దగ్గర ఇది తప్పకుండా ఉంటుంది, కాబట్టి ఈ ప్రశ్న వస్తుంది. కడ్డీ ఎక్కడైనా ఇరుక్కుంటే ఈ సర్వో రెండున్నర ఆంపియర్ల దాకా లాగుతుంది. రిసీవరుకూ అదే తీగ నుంచి కరెంటు పోతుంటే వోల్టేజి ఒక్క క్షణం పడిపోయి రిసీవరు ఆరిపోతుంది. చుక్కాని, రెక్కలు, మోటారు అన్నీ ఒక్కసారిగా చేయిజారిపోతాయి. అక్కరలేని బలం ఇక్కడ భద్రత కాదు. పైగా ఇరుక్కున్న కడ్డీని చిన్న సర్వో వదిలేస్తుంది, పెద్దది వంచేస్తుంది.

బలం కన్నా ముఖ్యమైనది

సర్వో లోపల చిన్న డీసీ మోటారు, వరసగా గేర్లు, ఇరుసు ఎంత తిరిగిందో చెప్పే పొటెన్షియోమీటరు, రెండింటినీ పోల్చే సర్క్యూటు ఉంటాయి. రిసీవరు సెకనుకు 50 సార్లు ఒక విద్యుత్ స్పందన పంపుతుంది. అది 1,500 మైక్రోసెకన్లు ఉంటే సర్వో నడిమికి, 1,000 ఉంటే ఒక పక్కకు, 2,000 ఉంటే రెండో పక్కకు తిరుగుతుంది. అంటే సుమారు 90 డిగ్రీలకు 1,000 మైక్రోసెకన్లు. చిన్నచిన్న తేడాలకు వణకకుండా సర్వో కొంత మేర పట్టించుకోదు. దాన్నే డెడ్ బ్యాండ్ అంటారు. అది 10 మైక్రోసెకన్లయితే రెక్క దాదాపు ఒక డిగ్రీ దాకా తప్పుగా నిలవవచ్చు. గేర్ల వదులు దానికి అదనం.

పడవ చుక్కానికి ఒక డిగ్రీ తేడా ఏమీ కాదు, కంటితో చూసి సరిదిద్దుతాం. వెనక రెక్కకు అలా కాదు. ఒక డిగ్రీ తప్పు మిగిలినా నమూనా ముక్కు మెల్లగా కిందికి వాలుతుంది, సరిచేద్దామని కర్ర లాగితే సర్వో రెండో పక్కన మరో డిగ్రీ తప్పు దగ్గర ఆగుతుంది. నమూనా నీటిలో డాల్ఫిన్‌లా ఎగసి పడుతూ పోతుంది. ఎక్కువమంది దీన్ని బ్యాలస్ట్ తప్పు అనుకుని సీసం ముక్కలు జరుపుతూ కూర్చుంటారు. కాబట్టి సర్వో ఎంపికలో నా దృష్టిలో మొదటి ప్రశ్న ‘ఎంత బలం’ కాదు, ‘నడిమికి ఎంత నిక్కచ్చిగా తిరిగి వస్తుంది’ అన్నది.

ఇది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. సర్వో చేయికి చీపురు పుల్లను అతికించండి, ఇరుసు నుంచి పుల్ల కొస 15 సెంటీమీటర్లు ఉండాలి. వెనక తెల్ల కాగితం పెట్టండి. కర్రను పూర్తిగా ఎడమకు లాగి వదిలి, పుల్ల ఆగిన చోట చుక్క పెట్టండి. కుడికి లాగి వదిలి మరో చుక్క. పదిసార్లు చేయండి. 15 సెం.మీ. దగ్గర ఒక డిగ్రీ అంటే 2.6 మిల్లీమీటర్లు. చుక్కలన్నీ మూడు మిల్లీమీటర్లలో ఇమిడితే అది వెనక రెక్కల సర్వో. ఐదారు మిల్లీమీటర్లు పరుచుకుంటే చుక్కానికి వాడండి. ఒకే పెట్టెలోంచి తీసిన మూడు సర్వోల మధ్య కూడా ఈ తేడా కనబడుతుంది. బలాన్నీ అలాగే పరీక్షించవచ్చు. సర్వోను బల్ల అంచుకు బిగించి రెండు సెంటీమీటర్ల చేయికి ఖాళీ సీసా వేలాడదీసి, కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ ఎత్తించాలి. లీటరు నీళ్లను ఎత్తితే అది రెండు కిలోగ్రామ్-సెంటీమీటర్ల సర్వో. ఎత్తలేకపోతే వెంటనే ఆపాలి, రెండు సెకన్లకు మించి అలా ఉంచితే మోటారు కాలుతుంది. పేరున్న రకాలకు నకళ్లు విపరీతంగా ఉన్న మన బజారులో అట్టపెట్టె అంకె కన్నా ఈ సీసానే నమ్మదగింది.

వేగం గురించి ఒక్క మాట చాలు. అరవై డిగ్రీలు తిరగడానికి 0.2 సెకను పట్టే సర్వో సరిపోతుంది. జలాంతర్గామి ముక్కు తిరగడానికే సెకన్లు పడుతుంది.

డిజిటల్ సర్వోలు సెకనుకు వందల సార్లు సరిచూసుకుంటాయి కాబట్టి నడిమికి బాగా వస్తాయి. అందుకు మూల్యం కరెంటు, వేడి, సన్నటి గుయ్‌మనే రొద. గాలి ఆడని గొట్టంలో ఆ వేడి పోయేందుకు దారి లేదు. ముక్కు వాలును పసిగట్టి రెక్కలను తనంతట తానే సరిదిద్దే పరికరం పెడితే సర్వో ఒక్క క్షణం కూడా విశ్రాంతి తీసుకోదు. అలాంటప్పుడు వెనక రెక్కలకు ఒక్కటి మంచి డిజిటల్ కొని, మిగతావాటికి మామూలువి పెట్టుకోవడం నయం. లోహపు గేర్లు దెబ్బకు ఆగుతాయి గానీ, తేమ తగిలితే బేరింగులు, స్క్రూలు తుప్పు పడతాయి. నైలాన్ గేర్లకు ఆ బాధ లేదు.

రాయ్‌పూర్ ఎండ

తేమ ఎక్కడిదంటారా? మే నెలలో రాయ్‌పూర్ ఎండ 42, 43 డిగ్రీలు దాటడం మామూలే. గట్టున ఎండలో పెట్టిన గొట్టం లోపలి గాలి 55 డిగ్రీలకు చేరిందనుకుందాం. మూత బిగించి 30 డిగ్రీల నీటిలో దింపితే గాలి చల్లబడుతుంది. పరమ ఉష్ణోగ్రతల్లో అది 328 నుంచి 303కు దిగడం, అంటే పీడనం ఏడున్నర శాతం తగ్గడం. వాతావరణ పీడనం సుమారు పది మీటర్ల నీటితో సమానం కనుక, నమూనా ఇంకా నీటి పైనే ఉండగానే లోపలి భాగాలకు ముప్పావు మీటరు లోతులో ఉన్నట్టు లెక్క. రబ్బరు తొడుగు అప్పుడే లోపలికి లాక్కుపోతుంది, సర్వో అప్పుడే దానితో పెనుగులాడుతుంది, బలహీనమైన అతుకుల్లోంచి నీటిబొట్లు లోపలికి వస్తాయి. నీడలో, వీలైతే గొట్టాన్ని చెరువు నీటితో తడిపి చల్లబరిచాక మూత బిగిస్తే ఈ గొడవ తప్పుతుంది. వర్షాకాలపు గాలిని లోపల బంధిస్తే నీరు చల్లబడిన రోజున అదే తేమ సర్వో పొటెన్షియోమీటరు మీద బొట్లుగా మారుతుంది. చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి ఉంచండి.

నీరు చొరని సర్వోలు కూడా వస్తున్నాయి కదా, గొట్టం బయటే పెట్టవచ్చా? ఐపీ 67 అని రాసి ఉంటే ఒక మీటరు లోతులో అరగంట తట్టుకుంటుందని అర్థం. కారు నమూనా నీటిగుంటలో పడితే అది చాలు. వారం వారం మునిగే నమూనాకు చాలదు.

మాట అందనప్పుడు

ఇప్పటి రిమోట్‌లు దాదాపు అన్నీ 2.4 గిగాహెర్ట్జ్‌ల మీద పనిచేస్తాయి. వంటింటి మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ దరిదాపుల్లోనే పనిచేస్తుంది. కూరలోని నీరు ఆ తరంగాలను పీల్చుకుని వేడెక్కుతుంది. చెరువు నీరూ అంతే పీల్చుకుంటుంది. పది సెంటీమీటర్ల లోతుకే సంకేతం వందోవంతుకు తగ్గిపోతుంది, అర మీటరుకు ఏమీ మిగలదు. అందుకే జలాంతర్గామి నమూనాలకు పాత తరహా 27, 40 మెగాహెర్ట్జ్‌ల లాంటి తక్కువ పౌనఃపున్యాలు వాడతారు. మన దేశంలో 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్‌ల వరకు తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కరలేదు. మంచినీటిలో ఇవి కొన్ని మీటర్లు దిగుతాయి. సముద్రంలో ఉప్పు వల్ల నీరు విద్యుత్ వాహకం అయిపోయి ఇవి కూడా ఆగిపోతాయి. ఈ విషయంలో విశాఖ కన్నా రాయ్‌పూరే మేలు.

ఎంత చేసినా సంకేతం తెగే క్షణం వస్తుంది. అప్పుడు సర్వో ఏం చేస్తుంది? మామూలు అనలాగ్ సర్వోకు స్పందనలు ఆగితే అది పట్టు వదిలేస్తుంది. రెక్కను నీటి ప్రవాహమే వెనక్కి నెట్టి దాదాపు నడిమికి తెస్తుంది. డిజిటల్ సర్వోలు కొన్ని చివరి స్థానాన్నే పట్టుకుని కూర్చుంటాయి. ముక్కు కిందికి ఉన్నప్పుడు సంకేతం తెగితే, మోటారు తిరుగుతూనే ఉంటే, నమూనా నేరుగా బురదలోకి పోతుంది. కొన్న సర్వో ఏ రకమో పెట్టె మీద రాసి ఉండదు. ప్రొపెల్లరు విప్పి, బల్ల మీద రెక్కలను పూర్తిగా కిందికి తిప్పి, చేతిలోని రిమోట్ ఆపేసి చూడాలి. రెక్కలు ఎటు పోయాయి, మోటారు ఆగిందా లేదా అన్నది రాసుకోవాలి. రిసీవరులో గానీ విడిగా గానీ ఫెయిల్‌సేఫ్ ఉంటే దాన్ని ఇలా అమర్చాలి: మోటారు ఆగాలి, రెక్కలు పైకి తిరగాలి, బ్యాలస్ట్ సర్వో ఉంటే అది ట్యాంకు ఖాళీ చేసే వైపుకు పోవాలి.

మొదటి నమూనాకు బ్యాలస్ట్ సర్వో వద్దనే చెబుతాను. నమూనా ఎప్పుడూ 30, 40 గ్రాములు తేలికగా ఉండేలా సీసం సర్దుకుని, వేగంతో, రెక్కలతోనే కిందికి నెట్టండి. సెకనుకు మీటరు వేగంలో రెక్కలు 245 గ్రాముల దాకా నెట్టగలవని పైన లెక్క వేశాం కదా, 40 గ్రాములను ముంచడానికి రెక్కను కొద్దిగా వంచితే చాలు. బ్యాటరీ అయిపోయినా, రిసీవరు ఆరిపోయినా, సర్వో కాలినా మోటారు ఆగిన మరుక్షణం ఆ 40 గ్రాముల ఉత్ప్లవన బలం నమూనాను పైకి తెస్తుంది. తూకం మాత్రం ఏ నీటిలో నడుపుతారో ఆ నీటిలోనే వేసుకోవాలి. సముద్రపు నీరు రెండున్నర శాతం ఎక్కువ సాంద్రం, 2.8 కిలోల నమూనాకు అది 70 గ్రాములు. సముద్రపు నీటి లెక్కకు సర్దిన సీసంతోనే తెలీబాంధాలో వదిలితే 40 గ్రాములు తేలికగా ఉండాల్సిన నమూనా 30 గ్రాములు బరువై, ఆగిన చోటే అడుక్కి దిగుతుంది. ఇంటి దగ్గర నీళ్ల తొట్టిలో మోటారు ఆపి వదిలి, చేయి పెట్టకుండా తేలిందని చూసుకున్నాకే, చెరువు నిర్వహించే పురపాలక సిబ్బంది అనుమతి తీసుకుని, మొదటి కొన్నిసార్లు తోకకు సన్నటి నైలాన్ దారం కట్టి దింపండి.